స్పానిష్ భూతకాలం: ఎండింగ్‌లు ఆరే, చిక్కంతా ఊనికలో

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్కటే విషయం. స్పానిష్‌లో రెగ్యులర్ క్రియల్ని భూతకాలంలోకి ఎలా మార్చాలి? రెగ్యులర్ అన్నాను, గమనించండి. దారి తప్పిన క్రియలు చాలానే ఉన్నాయి. వాటి జోలికి ఇవాళ పెద్దగా పోను, అవసరమైన చోట పేరు చెప్పి వదిలేస్తాను.

ఏ వ్యాకరణ పుస్తకం తెరిచినా ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టిక బట్టీపట్టడానికి అరగంట చాలు. మరి పట్టిక వచ్చినవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు ఎందుకు తడబడతారు? ఎండింగ్ మర్చిపోయి కాదు. ఎండింగ్ సరిగ్గానే వేస్తారు, ఊనిక తప్పు చోట వేస్తారు. ఒక మాటలో ఏ అక్షరం మీద బలం పెట్టి పలుకుతామో అదే ఊనిక. తెలుగులో బలం ఎక్కడ పెట్టినా అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. స్పానిష్‌లో అర్థం మారుతుంది. ముఖ్యంగా భూతకాలంలో మారుతుంది. అందుకని పట్టికను, ఊనికను విడివిడిగా చెప్పను. రెండూ కలిపే చెబుతాను.

ముందు బోర్డు మీద నేను రాసే పద్ధతి చెప్పాలి. స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను కదా, ఊనిక పడ్డ అచ్చును దీర్ఘంగా, పడని అచ్చును హ్రస్వంగా రాస్తాను. ఇది స్పానిష్ నియమం కాదు. ఆ భాషలో హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. కానీ ఊనిక పడ్డ అచ్చు కొంచెం సాగుతుంది, మనకేమో హ్రస్వ దీర్ఘాలు పట్టుకునే చెవి చిన్నప్పటి నుంచీ ఉంది. ఉన్నదాన్ని వాడుకుందాం. ఇప్పుడు ఈ రెండూ చదవండి. ఆబ్లొ. అబ్లో. మొదటిది "నేను మాట్లాడతాను". రెండోది "అతను మాట్లాడాడు". అక్షరాలు అవే. మనిషి మారిపోయాడు, కాలం మారిపోయింది. రెండింటినీ ఒకేలా "ఆబ్లో" అనేశారనుకోండి, వినేవాడు ఏమనుకోవాలి?

సరే, మొదటికి వద్దాం. స్పానిష్ క్రియ నిఘంటువులో మూడు రకాలుగా కనిపిస్తుంది. చివర "ఆర్" ఉన్నవి, "ఏర్" ఉన్నవి, "ఈర్" ఉన్నవి. అబ్లార్ అంటే మాట్లాడటం, కొమేర్ అంటే తినడం, బిబీర్ అంటే బతకడం, ఒకచోట నివసించడం. ఈ బిబీర్‌ను రాసేది "వి" అక్షరంతో, పలికేది "బ"కి దగ్గరగా. అబ్లార్ మొదట్లో "హెచ్" రాస్తారు, పలకరు. చివరి రెండు అక్షరాలు తీసేస్తే మిగిలేది ధాతువు. అబ్ల్, కొమ్, బిబ్. దానికి ప్రత్యయం తగిలిస్తే పని అయిపోయింది.

"ఆర్" కుటుంబం చూడండి. నేను మాట్లాడాను: అబ్లే. నువ్వు మాట్లాడావు: అబ్లాస్తె. అతను లేదా ఆమె: అబ్లో. మేము లేదా మనం: అబ్లామొస్. స్పెయిన్‌లో చనువుగా "మీరంతా" అంటే: అబ్లాస్తెయిస్. వాళ్లు: అబ్లారొన్.

ఒకసారి అందరూ అనండి. అబ్లే, అబ్లాస్తె, అబ్లో, అబ్లామొస్, అబ్లాస్తెయిస్, అబ్లారొన్. ఏం గమనించారు? ఆరింటిలో ఒక్కదాంట్లో కూడా బలం ధాతువు మీద పడలేదు. ప్రతిసారీ ప్రత్యయం మీదే. ఇది గట్టిగా పట్టుకోండి, దీంతో తర్వాత చాలా పని ఉంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక లాభం ఉంది, ఒక గండం ఉంది. లాభం ఏమిటంటే, క్రియ చివర చూసి కర్త ఎవరో చెప్పడం మనకు కొత్త కాదు. "తిన్నాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు. స్పానిష్ కూడా అంతే. "కొమీ" అంటే చాలు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నవాళ్లు ప్రతి వాక్యానికీ "యో కొమీ, యో అబ్లే, యో..." అంటూ పోతారు. వినేవాళ్లకు అది "నేనే తిన్నాను, నేనే మాట్లాడాను" అన్నట్టు ఉంటుంది. తెలుగులో ఆలోచిస్తే ఈ తప్పు రాదు.

గండం మర్యాద దగ్గర. మనం పెద్దవాళ్లను "మీరు వచ్చారు" అంటాం. మనిషి ఒక్కరే, క్రియ బహువచనం. స్పానిష్‌లో మర్యాదగా "మీరు" అనడానికి ఉస్తేద్ ఉంది. దాని క్రియ మాత్రం ఏకవచనం, అది కూడా "అతను" రూపం. ఉస్తేద్ యెగో. మీరు వచ్చారు, చేరుకున్నారు. మనవాళ్లు మర్యాద ఎక్కడ తగ్గిపోతుందో అని "యెగారొన్" అంటారు. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటాడు, ఇంకెవరైనా వచ్చారేమో అని. ఒక్కరితో మాట్లాడితే యెగో. ఇద్దరు ముగ్గురుంటే ఉస్తేదెస్ యెగారొన్. లాటిన్ అమెరికాలో చనువైనా మర్యాదైనా బహువచనానికి ఈ ఉస్తేదెస్ ఒక్కటే. కాబట్టి మీరు అక్కడి భాష నేర్చుకుంటున్నట్టయితే అబ్లాస్తెయిస్ విని గుర్తుపడితే చాలు, వాడక్కర్లేదు. ఆరు కాస్తా అయిదయ్యాయి.

అర్జెంటీనాలో "నువ్వు" అనడానికి తూ బదులు బోస్ అంటారు కదా, దానికి వేరే రూపం ఉంటుందా అని ఎవరో అడుగుతున్నారు. వర్తమానంలో ఉంది. ఈ భూతకాలంలో లేదు. బోస్ అబ్లాస్తె, అంతే. అన్నట్టు, కొందరు స్పానిష్ వాళ్లే "అబ్లాస్తెస్" అని చివర ఒక "స్" చేర్చడం వింటారు. మిగతా కాలాల్లో "నువ్వు" రూపం దాదాపు అన్నిచోట్లా "స్"తో ముగుస్తుంది, ఆ అలవాటు ఇక్కడికీ పాకింది. వినండి, నేర్చుకోకండి. ప్రామాణిక భాషలో అది తప్పు.

ఇప్పుడు "ఏర్", "ఈర్". ఈ రెండు కుటుంబాలకూ భూతకాలంలో ఒకే ప్రత్యయాలు. కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమీస్తెయిస్, కొమ్యేరొన్. అలాగే బిబీ, బిబీస్తె, బిబ్యో, బిబీమొస్, బిబీస్తెయిస్, బిబ్యేరొన్. కొమ్యో దగ్గర జాగ్రత్త. అది రెండే అక్షరాలు, కొ, మ్యో. "కొ-మి-యో" అని మూడు ముక్కలు చేయకండి. ఎందుకంటే కొ-మీ-య అని మూడు ముక్కలుగా పలికే రూపం ఇంకోటి ఉంది, దాని అర్థం వేరు. కాసేపట్లో వస్తాను.

రాసేటప్పుడు అచ్చు నెత్తిన పెట్టే వాలుగీత సంగతి. దాన్ని తీల్దె అంటారు. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అని బట్టీ పడతారు చాలామంది. అక్కర్లేదు. నియమం ఇదీ: మాట అచ్చుతో గానీ, "ఎన్"తో గానీ, "ఎస్"తో గానీ ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడాలి. ఇంకే హల్లుతో ముగిసినా చివరి అక్షరం మీద పడాలి. మాట ఈ నియమం ప్రకారం నడిస్తే గీత ఉండదు. దాటితే, ఊనిక ఎక్కడ పడిందో అక్కడ గీత పెడతారు. ఇప్పుడు చూడండి. అబ్లో అచ్చుతో ముగిసింది, ఊనిక చివర పడింది, నియమం తప్పింది, గీత ఉంది. అబ్లే అంతే. అబ్లారొన్ "ఎన్"తో ముగిసింది, ఊనిక చివరి నుంచి రెండోదాని మీదే ఉంది, గీత లేదు. అబ్లాస్తెకి లేదు. అబ్లామొస్‌కి లేదు. ఆరింటిలో "నేను" రూపానికీ "అతను" రూపానికీ మాత్రమే గీత. కొమేర్, బిబీర్ కూడా అంతే.

ఈ గీత అలంకారం అనుకుని వదిలేసేవాళ్లు ఉంటారు. అబ్లే మీద గీత తీసేస్తే ఆబ్లె అవుతుంది. అంటే "మాట్లాడండి" అని మర్యాదగా చెప్పడం. అబ్లో మీద తీసేస్తే "నేను మాట్లాడతాను". ఉత్తరంలో "ఆయన మాట్లాడాడు" అని రాయబోయి "నేను మాట్లాడతాను" అని రాస్తే చిన్న తప్పా అది? ఒక మినహాయింపు ఉంది. బేర్ అంటే చూడటం. దాని భూతకాలం బీ, బీస్తె, బ్యో. ప్రత్యయాలన్నీ మామూలువే, కానీ బీ, బ్యో ఒకే అక్షరం మాటలు. ఒకే అక్షరం ఉన్నప్పుడు ఊనిక ఇంకెక్కడికి పోతుంది? అందుకని గీత లేదు. 1959 నుంచి అమల్లోకి వచ్చిన, స్పానిష్ భాషకు నియమాలు పెట్టే అకాడమీ నిబంధనల్లో వీటికి గీత తీసేశారు. అంతకుముందు అచ్చైన పుస్తకాల్లో ఉంటుంది, చూసి కంగారు పడకండి.

సాధన ఎలా చేయాలంటే, ఆరు రూపాలూ వరసగా వల్లించడం కన్నా, ఈ జంటలు వల్లించండి. ఆబ్లొ, అబ్లో. తోమొ, తొమో. తీసుకుంటాను, తీసుకున్నాడు. కోంప్రొ, కొంప్రో. కొంటాను, కొన్నాడు. త్రబాఖొ, త్రబఖో. పనిచేస్తాను, పనిచేశాడు. ఈ ఇబ్బంది "ఆర్" కుటుంబానికే. కొమేర్‌లో "తింటాను" కోమొ, "తిన్నాడు" కొమ్యో, పొరపడటానికి వీల్లేదు. మరి "ఆర్" ఒక్కటే కదా అనుకోకండి. స్పానిష్‌లో ఎక్కువ క్రియలు ఆ కుటుంబంవే, కొత్తగా పుట్టేవి కూడా దాదాపు అన్నీ అందులోనే చేరతాయి. చాటింగ్ చేయడం చతెయార్. "నేను చాట్ చేశాను" చతెయే. రాసేటప్పుడు అక్కడ "ఇ" (e) అక్షరం రెండుసార్లు వస్తుంది, ధాతువుది ఒకటి, ప్రత్యయానిది ఒకటి. రెండోదాని మీద గీత. చాలామంది ఒకటి మింగేస్తారు.

ఇంకో చిక్కు. అబ్లామొస్ అంటే "మాట్లాడతాం" కూడా, "మాట్లాడాం" కూడా. బిబీమొస్ అంతే. వర్తమానమో భూతమో వాక్యంలోని మిగతా మాటలే చెప్పాలి. అయేర్ అంటే నిన్న, అనోచె అంటే నిన్న రాత్రి. అవి ఉంటే తేలిపోతుంది. "ఏర్" కుటుంబంలో మాత్రం ఈ బాధ లేదు. కొమేమొస్ తింటాం, కొమీమొస్ తిన్నాం.

స్పెల్లింగ్ మారే క్రియల దగ్గరికి వద్దాం. వీటిని చాలా పుస్తకాలు ఇర్రెగ్యులర్ జాబితాలో వేసి భయపెడతాయి. నా దృష్టిలో ఇవి నూటికి నూరుపాళ్లూ రెగ్యులర్. చెవికి ఏమీ మారదు. మారేది రాత ఒక్కటే, అది కూడా ఎందుకు మారుతుందంటే శబ్దం మారకుండా కాపాడటానికి.

బుస్కార్ తీసుకోండి, వెతకడం. ధాతువు బుస్క్. "నేను వెతికాను" బుస్కే. రాయబోతే ఏమవుతుంది? ధాతువు చివర "సి" అక్షరం ఉంది, దాని పక్కన "ఇ" అక్షరం వచ్చి చేరింది. స్పానిష్‌లో "సి" పక్కన "ఇ" గానీ "ఐ" గానీ వస్తే "క" శబ్దం పోయి లాటిన్ అమెరికాలో "స" అవుతుంది, స్పెయిన్‌లో చాలాచోట్ల నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే శబ్దం అవుతుంది. మనకు "క" కావాలి. అందుకని "సి" తీసేసి "క్యూ, యు" పెడతారు. ఆ "యు"ని పలకరు. యెగార్, చేరుకోవడం, ధాతువు చివర "జి". "జి" పక్కన "ఇ" వస్తే గొంతులోంచి వచ్చే "ఖ" అవుతుంది. "గ" నిలబడాలంటే మధ్యలో పలకని "యు" పెట్టాలి. యెగే. పగార్, పగే, డబ్బు చెల్లించాను. ఖుగార్, ఖుగే, ఆడాను. ఎంపెసార్, మొదలుపెట్టడం, "జెడ్"తో రాస్తారు. "ఎంపెసే" రాసేటప్పుడు "జెడ్" పోయి "సి" వస్తుంది. ఇక్కడ శబ్దానికి ముప్పేమీ లేదు, "జెడ్" పక్కన "ఇ" రాయకూడదన్న రాత ఆచారం, అంతే. అబెరిగ్వార్, వాకబు చేయడం, దాంట్లో "యు"ని పలకాలి కాబట్టి "అబెరిగ్వే" రాసేటప్పుడు ఆ "యు" మీద రెండు చుక్కలు పెడతారు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ మార్పులన్నీ ఎన్ని రూపాల్లో వస్తాయి? ఆరింటిలోనా? ఒక్క "నేను" రూపంలోనే. ఎందుకు? "ఆర్" కుటుంబంలో ప్రత్యయం "ఇ" అక్షరంతో మొదలయ్యేది అదొక్కటే కాబట్టి. బుస్కాస్తె, బుస్కో, బుస్కారొన్, అన్నిట్లో "సి" హాయిగా ఉంటుంది. కారణం తెలియకుండా జాబితా బట్టీపట్టినవాళ్లు ఏం చేస్తారంటే, "బుస్కో"లో కూడా "క్యూ" పెట్టేస్తారు.

లెఏర్, చదవడం. లెఈ, లెఈస్తె, లెయో, లెఈమొస్, లెఈస్తెయిస్, లెయేరొన్. మూడోదాంట్లో, ఆరోదాంట్లో "ఐ" బదులు "వై" రాస్తారు. ఊనిక లేకుండా రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న "ఐ" స్పానిష్‌లో నిలవదు, "య" అయిపోతుంది. క్రెఏర్, నమ్మడం, క్రెయో. కఏర్, పడిపోవడం, కయో. ఒఈర్, వినడం, ఒయో. వీటిలో "నువ్వు", "మేము" రూపాలకు కూడా గీత ఉంటుంది. గీత లేకపోతే "లెయిస్తె" అని రెండు అచ్చులూ కలిసిపోతాయి.

ఊనిక ఎప్పుడూ ప్రత్యయం మీదే అని గట్టిగా పట్టుకోమన్నాను కదా. దాని ఫలం ఇక్కడ. పెన్సార్, ఆలోచించడం. వర్తమానంలో "నేను ఆలోచిస్తాను" ప్యేన్సొ. ధాతువు మారిపోయింది, "పెన్" కాస్తా "ప్యేన్" అయింది. బొల్బేర్, తిరిగి రావడం, వర్తమానంలో బ్వేల్బొ. భూతకాలంలో? పెన్సే, పెన్సాస్తె, పెన్సో. బొల్బీ, బొల్బీస్తె, బొల్బ్యో. ఏ మార్పూ లేదు. ఎందుకు లేదు? ఆ "ప్యే", "బ్వే" పుట్టేది ఊనిక ధాతువు మీద పడినప్పుడే. ఇక్కడ ఊనిక ధాతువును ముట్టుకోదు, కాబట్టి ధాతువు చెక్కు చెదరదు. ఇది "ఆర్", "ఏర్" కుటుంబాల సంగతి. "ఈర్" కుటుంబంలో కొన్ని మాత్రం "అతను", "వాళ్లు" రూపాల్లో మారతాయి. పెదీర్ పిద్యో అవుతుంది, దొర్మీర్ దుర్మ్యో అవుతుంది. అవి ఇవాళ్టి లెక్కలోవి కావు.

సరే, కొ-మీ-య అన్నాను. అది ఇంకో భూతకాలం. ఇప్పటిదాకా చెప్పింది జరిగి ముగిసిపోయిన పనికి. ఇది జరుగుతూ ఉన్న పనికి, అలవాటుగా జరిగే పనికి. దీని ప్రత్యయాలు ఇంకా తేలిక. అబ్లాబ, అబ్లాబస్, అబ్లాబ, అబ్లాబమొస్, అబ్లాబయిస్, అబ్లాబన్. కొమీయ, కొమీయస్, కొమీయ, కొమీయమొస్, కొమీయయిస్, కొమీయన్. మొత్తం స్పానిష్‌లో ఈ కాలంలో దారి తప్పే క్రియలు మూడే. ఉండటం అనే సేర్, వెళ్లడం అనే ఈర్, చూడటం అనే బేర్. ఏర, ఈబ, బెఈయ అవుతాయి. మిగతా అన్నీ బుద్ధిమంతులే. గీత అబ్లాబమొస్‌కి ఒక్కదానికే, కొమీయలో మాత్రం ఆరింటికీ.

"నేను", "అతను" రెండూ ఒకే రూపం కదా, ఎలా తేల్చాలి? ఇక్కడ అవసరమైతే యో (నేను), ఏల్ (అతను), ఏయ (ఆమె) వాడాల్సిందే. ఇందాక కర్తను వదిలేయమన్న మనిషినే ఇప్పుడు పెట్టమంటున్నాను.

ఏది ఎప్పుడు? తెలుగు మీకు సాయం చేస్తుంది. "మాట్లాడేవాడు", "తినేవాళ్లం", "ఉండేది" అని తెలుగులో వస్తే అబ్లాబ, కొమీయ రకం. "మాట్లాడాడు", "తిన్నాం" అని వస్తే అబ్లో, కొమీమొస్ రకం. చాలావరకు ఈ తూకం సరిపోతుంది. సరిపోని చోటు ఒకటుంది. తెలుసు, తెలీదు, కావాలి లాంటి మాటలకు తెలుగులో భూతకాల రూపమే లేదు. "ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు" అంటాం, కాలాన్ని "అప్పుడు"కి వదిలేస్తాం. స్పానిష్‌లో అలా కుదరదు. నొ సబీయ అనాలి. తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని "నొ సే" అనేశారో, ఇప్పటికీ తెలీదని అర్థం.

ఇంకో అపోహ. ఎక్కువసేపు జరిగితే అబ్లాబ, తక్కువసేపు జరిగితే అబ్లో అని కొందరు నేర్పుతారు. కాదు. "అబ్లో సీంకొ ఓరస్", అయిదు గంటలు మాట్లాడాడు. "బిబీ త్రేస్ ఆఞొస్ ఎన్ లీమ", లిమాలో మూడేళ్లు ఉన్నాను. మూడేళ్లయినా సరే, లెక్క ముగిసింది కాబట్టి బిబీ. అదే "లిమాలో ఉంటున్నప్పుడు ఉద్యోగంలో చేరాను" అంటే? "బిబీయ ఎన్ లీమ క్వాందొ ఎంపెసే ఎల్ త్రబాఖొ." ఉండటం ఇంకా సాగుతోంది, దాని మధ్యలో చేరడం జరిగి ముగిసింది. ఒకే వాక్యంలో రెండు కాలాలూ కలిశాయి. ఇలాంటి వాక్యాలు ఒక పది సొంతంగా రాసి చూడండి.

చివరగా ముందు వరసలోంచి వచ్చిన ప్రశ్న. "ఎ కొమీదొ" అని కూడా వింటున్నాం, అది ఏమిటి అని. అది మూడో పద్ధతి, సహాయక క్రియతో కట్టేది. కొమీదొ, అబ్లాదొ, బిబీదొ మారవు, ముందున్న సహాయక క్రియే మారుతుంది. స్పెయిన్‌లో చాలాచోట్ల ఇవాళ జరిగిన పనికి దీన్నే వాడతారు. "ఓయ్ ఎ కొమీదొ తార్దె", ఇవాళ ఆలస్యంగా తిన్నాను. మెక్సికోలో, అర్జెంటీనాలో అదే మాటను "ఓయ్ కొమీ తార్దె" అనేస్తారు. స్పెయిన్‌లోనే గలీసియా, అస్తూరియస్ ప్రాంతాల్లో, కేనరీ దీవుల్లో కూడా కొమీ వైపే మొగ్గు. రెండూ ఒప్పే. మీరు ఎవరితో ఎక్కువ మాట్లాడతారో వాళ్లది పట్టుకోండి. అయేర్ అన్నారంటే మాత్రం మాడ్రిడ్‌లోనైనా మెక్సికోలోనైనా కొమీ అనే అంటారు.